కాషాయము ధరించిన రోమకుడు: తత్త్వబోధకస్వామి చరిత్ర

మనుష్యుడు నోరు విప్పకమునుపే అతని వేషము మాటలాడును. నొసటి విభూతి ఒక మాట చెప్పును, మెడలోని శివసూత్రము ఒక మాట చెప్పును, కావిగుడ్డ మరియొక మాట చెప్పును. చూచువారు ఆ మాటను నమ్మి కొందరికి ఆసనము వేయుదురు, కొందరిని గడప బయటనే నిలిపెదరు.

శివభక్తుల చరిత్రలలో వేషమునకు మిక్కిలి గౌరవము కలదు. అరువది మువ్వురు పురాతనులలో ఒకడైన మెయ్‌ప్పొరుల్ నాయనారును చంపగోరి ముత్తనాథుడను శత్రువు విభూతి పూసికొని, జడలు ధరించి, గ్రంథపు సంచిలో కత్తి దాచుకొని వచ్చెను. పొడిచినవానికి సైతము ఆ రాజు చేయెత్తి మ్రొక్కి, అతనిని క్షేమముగా ఊరు దాటింపుమని తన సేవకునికి ఆజ్ఞయిచ్చి ప్రాణము విడిచెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున దొంగలు లింగములకు బదులు వంకాయలు కట్టుకొని జంగమవేషమున వచ్చిన కథ మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. బసవేశ్వరుడు వారికి మ్రొక్కినంతనే ఆ వంకాయలు లింగములైనవట.

ఈ కథలు చూచువాని భక్తిని చెప్పుచున్నవి. అయితే ధరించువాని బాధ్యత యేమి? ఒక జాతివారి పవిత్రచిహ్నములను మరియొక జాతివాడు తన పనికై స్వీకరించినప్పుడు దానిని గౌరవమనవలెనా, అపహరణమనవలెనా? ఈ ప్రశ్నను తన జీవితమంతయు మోసిన వ్యక్తి ఒకడు దక్షిణదేశమున నుండెను. అతడు ఇటలీదేశీయుడు, క్రైస్తవ గురువు. పేరు రాబర్టు డి నోబిలి. తమిళదేశము అతనిని తత్త్వబోధకస్వామి యని పిలిచినది. మతవిషయమున అతడు మన మార్గమువాడు కాకపోయినను అతని చరిత్ర మనము తెలిసికొనదగినది. ఏలయన, అతడు తాకినది మన దేశపు వేషములను, వాటి వెనుకనున్న కులపు మెట్లను.

జననము, ప్రయాణము

నోబిలి 1577వ సంవత్సరమున ఇటలీదేశమందు ప్రభువంశమున జన్మించెను. మూడవ జూలియస్ అను పోపు ఆ వంశమునకు బంధువు. ఆ కాలపు క్రైస్తవ పండితులలో అగ్రగణ్యుడైన కార్డినల్ బెల్లార్మినును బంధువే. ఇట్టి కుటుంబమున పుట్టినవానికి పదవులు, భోగములు చేతికందునంత దూరముననే యుండును. కాని యువకునికి సన్న్యాసమునందు మనసు కుదిరెను. బంధువుల యిష్టమునకు విరుద్ధముగా ఇల్లు విడిచి నేపుల్సు నగరమునకు పోయి, యేసుసభ యనబడు జెసూట్ సంఘమున చేరెను. చదువు ముగిసిన పిదప ఓడ యెక్కి 1605 మే నెలలో గోవా రేవున దిగెను. అప్పటికి అతనికి ఇరువదియేడేండ్లు.

గోవా నాడు పోర్చుగీసుల రాజధాని. మన పెద్దలు బుడతకీచులని పిలిచినది వీరినే. నోబిలి అచ్చటినుండి కొచ్చికిని, పిమ్మట ముత్తెముల వేటకు ప్రసిద్ధమైన తూర్పుతీరమునకును పోయి, తమిళభాష నేర్చుకొనుచు కొన్నినెలలు గడపెను. 1606 నవంబరులో మధుర నగరము చేరెను.

అప్పటి మధుర మీనాక్షీ సుందరేశ్వరుల క్షేత్రమే కాదు, తెలుగు ప్రభువుల రాజధాని కూడ. విజయనగర చక్రవర్తుల ప్రతినిధులుగా వచ్చి స్వతంత్రులైన నాయకరాజులు అచ్చట పాలించుచుండిరి. ప్రజలు తమిళము మాటలాడుచుండగా ఆస్థానమున తెలుగు ధ్వనించుచుండెను. అందువలన నోబిలి తమిళముతోపాటు తెలుగును, సంస్కృతమును నేర్చెను. గీర్వాణభాషను లోతుగా అభ్యసించిన తొలి ఐరోపావారిలో అతని పేరు చెప్పబడుచున్నది.

పరంగి యను మాట

మధురలో అంతకుముందే గొన్సాలో ఫెర్నాండెజ్ అను పోర్చుగీసు గురువు పదేండ్లకు పైగా పని చేయుచుండెను. అతడు పూర్వాశ్రమమున సైనికుడు. పాండిత్యము తక్కువయైనను కష్టజీవి. ఒక చిన్న బడి నడపెను, రోగులకు ఔషధములిచ్చెను, సముద్రతీరమునుండి పట్టణమునకు వచ్చిపోవు పరవకులపు క్రైస్తవులను కనిపెట్టి యుండెను. అయినను పట్టణవాసులలో ఒక్కరైనను అతని మతమున చేరలేదు.

కారణమేమని నోబిలి విచారించెను. ప్రజలు ఫెర్నాండెజును అతని మతమును బట్టి గాక, అతని అంగీని బట్టి, అతని తోలుచెప్పులను బట్టి, అతని భోజనమును బట్టి నిర్ణయించుచున్నారని గ్రహించెను. పట్టణమువారి దృష్టిలో అతడు పరంగి. ఆ మాట ఐరోపావారినుద్దేశించినదైనను, మధుర వీథులలో దాని అర్థము వేరు. గోమాంసము తినువాడు, మద్యము త్రాగువాడు, స్నానశౌచములు లేనివాడు పరంగి. ఆ మతమున చేరినవారు పరంగి కులమున చేరినట్లే యని జనులు తలచుచుండిరి. ఫెర్నాండెజ్ సైతము ఆ మాటలోని నింద నెరుగక, దానినే తన మతమునకు పేరుగా వాడుచుండెను.

ఈ మాట మనకును పరిచితమే. పరంగి, ఫిరంగి యను రూపములలో అది తెలుగులో నిలిచినది. ఆ విదేశీయులు తెచ్చిన తుపాకిబండికి ఫిరంగి యని పేరు వచ్చినది. వారి రాకతో వ్యాపించిన సుఖరోగమునకు భావమిశ్రుడను వైద్యపండితుడు ఫిరంగరోగమని పేరు పెట్టెను. మద్రాసు సమీపమున సెయింట్ థామస్ మౌంట్ అనబడు కొండను తమిళులు నేటికిని పరంగిమలై యందురు. ఒక జాతి ఫిరంగితోను, ఓడతోను, తాగుబోతు సైనికులతోను ముందు పరిచయమైనప్పుడు, ఆ వెనుక వచ్చిన సాధువు సైతము ఆ నిందను తలకెత్తుకొనక తప్పదు.

వేషము మారుట

1607లో నోబిలి ఒక నిశ్చయమునకు వచ్చెను. నల్లని నిలువుటంగీని, తోలుచెప్పులను విడిచెను. కావివస్త్రము కట్టెను. పాంకోళ్ళు తొడిగెను. దండకమండలువులు చేపట్టెను. తల గొరిగించుకొని శిఖ నిలుపుకొనెను. నొసట చందనము దిద్దుకొనెను. కొంతకాలము బంగారు, వెండి పోగులతో చేసిన జందెమును, దానికి సిలువను తగిలించి ధరించెను. ఫెర్నాండెజ్ ఇల్లు విడిచి బ్రాహ్మణులు నివసించు భాగమున వేరుగా నివాసమేర్పరచుకొనెను. బ్రాహ్మణ వంటవాడు వండిన అన్నము, కూరలు, పాలు మాత్రమే, అదియును దినమునకు ఒక్కపూట, భుజించుచుండెను. మాంసమద్యములను మరల ముట్టలేదు.

తాను పరంగిని కాననియు, రోమునగరమున రాజులతో సమానమైన వంశమున జన్మించితిననియు, చిన్ననాటనే సన్న్యాసము స్వీకరించితిననియు తాటియాకుపై వ్రాయించి తన వాకిట కట్టించెను. ఆ మాటలలో అసత్యము లేదు. అతడు నిజముగా ప్రభువంశీయుడు, నిజముగా బ్రహ్మచర్యవ్రతము పూనినవాడు. అయినను ఫెర్నాండెజ్ మతము, తన మతము ఒకటేయను సంగతిని ఆ వాకిటి పత్రము చదివినవారు గ్రహించు వీలు లేదు. చెప్పిన మాట నిజమైనను, వినువాని మనసున కలిగిన భావము వేరు కావచ్చునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

ఫలితము వెంటనే కనిపించినది. నిన్నటివరకు పరంగి మొగము చూడనివారు నేడు ఈ రోమక సన్న్యాసిని చూడగోరి వచ్చిరి. అతడు అందరికిని వెంటనే దర్శనమీయలేదు. శిష్యుడు గుమ్మమున నిలిచి, స్వామి ధ్యానమున నున్నారనియు, పఠనమున నున్నారనియు చెప్పి పంపుచుండెను. దుర్లభమైన దర్శనమునకు విలువ హెచ్చుననుట మఠములెరిగిన సంగతియే. మనిషి మారలేదు, మతము మారలేదు, బోధ మారలేదు. బట్ట మారినది, ఇల్లు మారినది, వంట మారినది. దానితో జనుల ఊహలన్నియు మారినవి.

విద్య, వాదము

వేషధారి యని మాత్రము చెప్పి అతనిని త్రోసివేయుట న్యాయము కాదు. శివధర్ముడను బ్రాహ్మణ పండితుడు అతనికి సంస్కృతము బోధించెను. పరాయివానికి వేదమును తెలుపుట నాడు సామాన్యమైన సాహసము కాదు. గురుశిష్యులిద్దరును దీర్ఘకాలము తత్త్వవిచారము చేసిరి. తుదకు 1609లో శివధర్ముడే శిష్యుని మతమును స్వీకరించెను. అతడు జందెమును, శిఖను విడువవలసిన పనిలేదని నోబిలి నిర్ణయించెను.

నోబిలి తమిళమున అనేక వచనగ్రంథములు రచించెను. జ్ఞానోపదేశము, ఆత్మనిర్ణయము, దూషణధిక్కారము అను అర్థమిచ్చు పేర్లతో అవి ప్రసిద్ధములైనవి. పద్యమే పాండిత్యమునకు కొలబద్దగా నుండిన కాలమున శాస్త్రవిషయములను తమిళ వచనమున వ్రాసినందుకు సాహిత్య చరిత్రకారులు అతనిని స్మరించుచున్నారు. సర్వేశ్వరుడు, గురువు, వేదము, ప్రసాదము, పూజ యను మన మాటలను అతడు క్రైస్తవ బోధకు ఉపయోగించెను. తెలుగు కథోలికులు దేవుని నేటికిని సర్వేశ్వరుడనియే ప్రార్థించుచున్నారు.

ఇంకొక సంగతి కలదు. లోకమునుండి ఒక వేదము లుప్తమైనదని పండితులు చెప్పుకొను మాటను అతడు విని, ఆ లుప్తమైన మోక్షవేదమునే తాను తెచ్చితినని బోధింపసాగెను. విన్నవారికది విదేశమతముగా గాక, ఇంటినుండి పోయిన ధనము తిరిగి వచ్చినట్లు తోచెను. ఈ బోధ అతని మరణానంతరము అతనికే యెదురు తిరిగిన విధము ముందు చెప్పెదను.

ఒకే జందెమునకు రెండు అర్థములు

1610లో ఫెర్నాండెజ్ తన పై అధికారులకు ఫిర్యాదు వ్రాసెను. తోటి గురువు తనతో కలిసి భుజింపక, తనను ఎరుగనట్లు మెలగుచున్నాడని అతని బాధ. అంతకంటె పెద్ద ఆక్షేపణ, నోబిలి ధరించునవి పరమతచిహ్నములనుట. నాటినుండి పదుమూడు సంవత్సరములు ఆ వివాదము గోవాకును రోమునకును నడుమ నలిగెను. మధ్యకాలమున కొత్తవారికి మతదీక్ష ఈయరాదని నోబిలికి నిషేధము కలిగెను. బంధువైన బెల్లార్మిను సైతము మొదట విన్న వార్తలకు కలతచెంది మందలించుచు వ్రాసి, నోబిలి సమాధానము చదివిన పిమ్మట మనసు మార్చుకొనెను.

నోబిలి తన పక్షమును సమర్థించుచు లాటిన్ భాషలో గ్రంథములు వ్రాసెను. జందెము, శిఖ, చందనము, స్నానము మతమునకు సంబంధించినవి కావనియు, అవి కులమర్యాదకును లోకాచారమునకును గుర్తులు మాత్రమేయనియు అతని వాదము. ఐరోపా ప్రభువు తన హోదాకు తగిన దుస్తులు ధరించినట్లే బ్రాహ్మణుడు జందెము ధరించునని అతని తాత్పర్యము.

ఇచ్చట పాఠకులు కొంచెము నిలిచి యోచింపవలెను. మధుర వీథిలో ఆ చిహ్నములు పవిత్రములనియే జనులు అతనికి నమస్కరించుచుండిరి. రోమునగరమునకు పంపిన గ్రంథములో అవే చిహ్నములు మతపరముగా శూన్యములని అతడు నిరూపించుచుండెను. ఒకే జందెమునకు ఒక ఊర ఒక అర్థము, మరియొక ఊర మరియొక అర్థము! ధర్మశాస్త్రములను తిరగవేసి, ప్రమాణములు చూపియే అతడు వాదించెను. కాని ఉపనయనమున బ్రహ్మోపదేశము పొందిన వటువును, అతనికి గాయత్రి చెప్పిన తండ్రిని అడిగినచో ఆ పోగులు హోదాకు గుర్తు మాత్రమేయని యందురా? విచిత్రమేమనగా, పాండిత్యము లేదని పేరుపడిన ఫెర్నాండెజే బ్రాహ్మణుల ఆచారములను వివరముగా సేకరించి 1616లో ఒక గ్రంథము వ్రాసి, అవియన్నియు మతకర్మలేయని వాదించెను. నిషేధింపవలెనను తలంపుతో వ్రాసినను, ఆ చిహ్నములు కలవారి విశ్వాసమునకు అతని మాటయే దగ్గరగా నున్నది.

1619లో గోవాలో జరిగిన సభలో అధికసంఖ్యాకులు నోబిలికి వ్యతిరేకముగా పలికిరి. కాని తుది తీర్పు రోమునుండి వచ్చెను. 1623 జనవరి 31వ తేదీన పదునైదవ గ్రెగొరీ పోపు, జందెము, శిఖ, చందనము, స్నానములను కొన్ని నియమములకు లోబడి, తాత్కాలికముగా అనుమతించెను. ఆ ఆజ్ఞాపత్రమే, ఉన్నతకులమునుండి వచ్చినవారు తక్కువవారనబడు వారిని తృణీకరింపరాదని కూడ వేడుకొనెను. ఆ వేడుకోలు ఏల అవసరమయ్యెనో చూచినచో ఈ చరిత్రలోని చేదునిజము తెలియును.

గడప బయట నిలిచినవారు

బ్రాహ్మణ సన్న్యాసివేషము పూనినవాడు బ్రాహ్మణ సన్న్యాసి కట్టుబాట్లను పాటింపవలెను. పాటింపనిచో మరునాడే వేషము బయటపడును. అందువలన పరవకులపు క్రైస్తవుల చర్చి వేరు, నోబిలి చర్చి వేరయ్యెను. తన గురుసోదరునితో బహిరంగముగా సహపంక్తి భోజనము లేదు. ఊరి చివర గుడిసెలలో నివసించు పేదలు అతని బోధ వినగోరినను, పట్టపగలు అతని ముంగిట నిలుచుటకు వీలులేదు. కులము లోకమర్యాదయే, మోక్షమునకు అడ్డము కాదని అతడు చెప్పెను. ఆ మర్యాద యెవరి వీపుపై నడచుచున్నదో వారికి ఆ మాట ఏమి ఓదార్పు నిచ్చును?

ఈ చిక్కును అతని సంఘమువారే గ్రహించిరి. 1640లో బల్తజార్ డ కోస్టా అను గురువు పండారస్వామి వేషము ధరించెను. పండారములు బ్రాహ్మణేతర శైవసాధువులు. విభూతి, కావి, భిక్ష వారి జీవనము. వారు అన్ని కులముల వాకిళ్ళకును పోగలవారు. ఈ వేషము స్వీకరించిన గురువులవలననే అటుపిమ్మట ఆ మతము తమిళ గ్రామములలో ఎక్కువగా వ్యాపించినది. అనగా, బ్రాహ్మణవేషము మూసిన తలుపును శైవభిక్షువు వేషము తెరచినది. శైవపాఠకులు ఈ సంగతిని గుర్తింపవలెను. ఆ తలుపు పండారములకు ముందే తెరువబడియుండుటకు కారణము, శతాబ్దములపాటు శివభక్తులు కులభేదము పాటింపక ఇంటింట తిరిగి సంపాదించిన నమ్మకము. వేరొకరు ఆ వస్త్రము ధరించినప్పుడు ఆ నమ్మకము కూడ వస్త్రముతోపాటు వారికి సంక్రమించెను. వేషమును స్వీకరించుటయన్న నూలుబట్టను తీసికొనుట మాత్రమే కాదు, పూర్వులు కూడబెట్టిన పలుకుబడిని తీసికొనుట.

ఇంతయు అయినను కులపు గోడ ఒక వేషముతో కూలునది కాదు. తిరునెల్వేలి ప్రాంతమున వడక్కన్‌కుళమను గ్రామపు చర్చిలో కులములవారిని వేరుపరచిన అడ్డుగోడ ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు నిలిచియుండెను.

చెర, వార్ధక్యము, నిర్యాణము

1623 తరువాత నోబిలి మధుర విడిచి తిరుచిరాపల్లి, సేలము ప్రాంతములలో పాదచారియై సంచరించెను. 1640లో మధురలో అతనిని, సహచరులను బంధించి చెరలో నుంచిరి. తిరుమల నాయకుని పాలనలో 1641లో విడుదల కలిగెను. ఆనాటికి అతనికి అరువదియేండ్లు దాటినవి. చూపు మందగించినది. పై అధికారులు విశ్రాంతికొరకు అతనిని యాళ్పాణమునకును, పిమ్మట మద్రాసు చెంతనున్న మైలాపూరునకును పంపిరి.

మైలాపూరు నాడు పోర్చుగీసుల స్థావరము. అచ్చట ఎవరికొరకును వేషము ధరింపవలసిన పనిలేదు. చుట్టును తన మతమువారే, ఐరోపా భోజనమే. అయినను ఆ వృద్ధుడు తన శాకాహార నియమమును విడువలేదు. ఇతరులు చూచుటకై పూనిన వ్రతమైనచో చూచువారు లేనప్పుడు జారిపోవలెను. నలువది సంవత్సరములకు పైగా మోసిన నియమము అతనికి స్వభావమైపోయినదని ఈ ఒక్క విషయము చాటుచున్నది. దాదాపు అంధుడై, 1656 జనవరి 16వ తేదీన, డెబ్బదియెనిమిదవ యేట మైలాపూరులో దేహము చాలించెను.

మరణానంతరము వచ్చిన నింద

నోబిలి కథ అతని మరణముతో ముగియలేదు. 1760లో ఫ్రాన్సుదేశపు ప్రసిద్ధ రచయిత వోల్టేరుకు ఒక వ్రాతప్రతి చేరెను. దానిపేరు ఎజూర్ వేదము. అది ప్రాచీన భారతీయ వేదమునకు ఫ్రెంచి అనువాదమని అతడు నమ్మి, ఐరోపాయంతట ప్రశంసించెను. 1778లో అది అచ్చయ్యెను. నిజమునకది వేదము కాదు, క్రైస్తవ బోధకు అనుకూలముగా అల్లిన కల్పన. మద్రాసు ఉద్యోగి, బహుభాషావేత్త ఎల్లిస్ పుదుచ్చేరిలో అట్టి వ్రాతప్రతులను పరిశీలించి వాటి గుట్టు తెలిపెను. కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు 1816లో పీఠిక వ్రాసి, తెలుగు సంస్కృతజన్యము కాదని చూపిన ఎల్లిసే ఇతడు. ఎజూర్ వేదమును గూర్చిన అతని వ్యాసము అతని మరణానంతరము 1822లో వెలువడెను. ఆ కల్పిత వేదమునకు కర్త నోబిలి యని అతడందు వ్రాసెను.

తరువాతి పండితులు విచారించి, అది ఫ్రెంచివారి కాలపు రచన యనియు, నోబిలికి దానితో సంబంధము లేదనియు తేల్చిరి. కాని నూరేండ్లకు పైగా ఆ నింద అతనిని వెంటాడెను. కావి ధరించి బ్రాహ్మణుడనిపించుకొన్నవాడు, లుప్తవేదము తెచ్చితినన్నవాడు, దొంగవేదము మాత్రము వ్రాయడా యని లోకమూహించినది. జీవితకాలమున వేషము అతనికి అర్హమైన దానికంటె ఎక్కువ గౌరవము తెచ్చెను. మరణించిన పిదప అదే వేషము అతడు చేయని నేరమును తెచ్చి తలపై పెట్టెను.

మతాధికారుల తీర్పులును మారుచు వచ్చినవి. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు దేశీయాచారములపై కఠినమైన కట్టుబాట్లు విధించెను. వాటిని పాటింతుమని గురువులు చేయవలసిన ప్రమాణము 1940 వరకు సాగెను. ఆపై గాలి మరల మారినది. 1950లో కావేరీతీరమున కుళిత్తలై సమీపమున ఇద్దరు ఫ్రెంచి గురువులు శాంతివనమను ఆశ్రమము స్థాపించి కావివస్త్రములు ధరించిరి. నోబిలి లేవదీసిన ప్రశ్న నేటికిని సమసిపోలేదు.

మనకు బోధపడునది

ఈ చరిత్రను నిష్పక్షపాతముగా తూచినచో రెండు వైపులను బరువు కనిపించును. నోబిలి మన భాషలను ప్రేమించి నేర్చెను. సుఖములను విడిచెను. ఒక్కపూట అన్నముతో అర్ధశతాబ్ది గడపెను. వేషమును ధరించి దాని నియమములను తప్పించుకొను కపటుల వరుసలో అతనిని నిలుపరాదు. కాని అతడు స్వీకరించిన చిహ్నములు ఎవరివో, వారు వాటికిచ్చు అర్థమును అతడు మన్నింపలేదు. అవి శూన్యములని తానే తీర్పు చెప్పి, వాటివలని గౌరవమును మాత్రము గ్రహించెను. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. గౌరవము పొందుటకై పైమెట్టువాని వేషము ధరించినవాడు ఆ మెట్లను తానును బలపరచినవాడగును. పరంగియను నింద అన్యాయమని అతనికి తెలియును. ఆ నిందను నేను కాదని తొలగించుకొనెను గాని, ఏ మనిషిని గూర్చియు అట్లు తలపరాదని చెప్పలేకపోయెను. నింద ఫెర్నాండెజుపైనను, పరవలపైనను, ఊరిచివరి పేదలపైనను అట్లే నిలిచిపోయినది.

నోబిలికి నాలుగు శతాబ్దములకు పైగా పూర్వము కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు నడచిన దారి దీనికి సరిగా ఎదురైనది. ఎనిమిదేండ్ల ప్రాయమున ఉపనయనమును నిరాకరించెనని పురాణములు చెప్పుచున్నవి. పుట్టుకతో తనకు రాదగిన ఉన్నత చిహ్నమును వలదని, లింగమును ధరించెను. ఆ లింగము చాకలియైన మాచయ్య మెడలోను, తోళ్ళు ఊనువాడైన కక్కయ్య మెడలోను, చెప్పులు కుట్టు హరళయ్య మెడలోను అదే విధముగా నుండెను. ఒకడు ధరించినందువలన మరియొకడు గడప బయట నిలువవలసిన అవసరము లేని చిహ్నమది. నోబిలి వేషము అతనిని పైమెట్టు ఎక్కించినది. బసవన్న వేషము అతనిని మెట్లు దింపి అందరిసరసన నిలిపినది.

అయితే ఈ పోలికతో మనము గర్వించి ఊరకుండరాదు. ఉపాధ్యాయవృత్తిలో ముప్పది సంవత్సరములు గడపినవాడను గనుక ఒక మాట చెప్పుదును. తరగతిలో అడుగిడిన తొలిదినముననే చినిగిన చొక్కావానిని వెనుకబల్లకును, ఇస్త్రీచొక్కావానిని ముందుబల్లకును మనసులోనే పంపివేయు అలవాటు మా వృత్తివారిలో కలదు. మఠములలోను, పెండ్లిపందిళ్ళలోను, దాసోహపు పంక్తులలోను ఇట్టి అలవాటు లేదని గుండెపై చేయివేసికొని చెప్పగలమా? ఇష్టలింగమును వెండికరడిగ విలువతో కొలుచు కన్ను, ఆ మధుర వీథులలో నోబిలి జందెమును చూచిన కన్నే. విభూతి పూసిన కొత్త ముఖమును చూచి, ఇతడు మనవాడా, కాడా, ఏ శాఖవాడు, ఏ వృత్తివాడు అని ముందు ఆరాతీయు నాలుకకును, పరంగి యన్న నాలుకకును భేదమేమి?

ఎదుటివాని వేషమును చూచి మ్రొక్కుట బసవన్న నేర్పిన భక్తి. ఎదుటివాని వేషమును చూచి త్రోయుట ఏ శరణుడును నేర్పలేదు. ఇక మనము ధరించినదానిని గూర్చియందురా, దాని లెక్క వేరు. మెడలోని లింగమును, నొసటి భస్మమును చూచి లోకము మనపై ఉంచు నమ్మకము మన పూర్వులు కాయకము చేసి, దాసోహము చేసి నిలిపిన ఆస్తి. దానిని అనుభవించుటకు వంశము చాలదు, నడవడి కావలెను. అది లేనినాడు మనము సైతము మన పెద్దల వేషమును ఎరువు తెచ్చుకొన్నవారమే యగుదుము.